లోధాలు: నేరజాతి ముద్ర నుంచి కారాగారం దాకా

లోధాలు పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్, ఝార్‌గ్రామ్ జిల్లాల్లోనూ, వాటిని ఆనుకుని ఒడిశాలో ఉన్న మయూర్‌భంజ్ జిల్లాలోనూ నివసించే ఆదివాసులు. వీరిని లోధా శబర్లు అని కూడా అంటారు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్ వీరి పల్లెల మధ్యనే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1916లో లోధాలను నేరజాతిగా ప్రకటించింది. 1952లో నేరజాతుల చట్టం రద్దయింది. కానీ ఆ ముద్ర మాత్రం పోలీసు రికార్డుల్లోనూ ఇరుగుపొరుగు జనం మాటల్లోనూ చాలాకాలం నిలిచిపోయింది. జనాభాలో తమ వాటాకు మించి ఆదివాసులు జైళ్ళలో ఉండటం భారతదేశంలోనూ, ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ దేశాల్లోనూ ఉన్నదే. ఖరగ్‌పూర్ ప్రాంతపు లోధాలు, తెలుగు నేలపై ఎరుకలు, యానాదుల అనుభవాన్ని చూస్తే ఆ పరిస్థితి ఎలా వచ్చిందో తెలుస్తుంది.

పేరు, ఊరు, బతుకు

లోధా అన్న పేరు వేటగాడు అనే అర్థమున్న ‘లుబ్ధక’ అనే సంస్కృత పదం నుంచి వచ్చిందని చెబుతారు. పూరీ జగన్నాథుణ్ణి మొదట నీలమాధవుడిగా కొలిచిన శబర రాజు విశ్వావసువు తమ మూలపురుషుడని లోధాల నమ్మకం. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లోని సవరలది కూడా శబర నామమే కాబట్టి తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు.

నారాయణగఢ్, కేశియాడీ, నయాగ్రామ్, బిన్‌పూర్ వంటి చోట్ల లోధా పల్లెలు ఎక్కువ. పూర్వం వీరికి అడవే ఆధారం. దుంపలు, తేనె, కట్టెలు తెచ్చుకునేవారు. పాములు, ఉడుములు, తాబేళ్ళు పట్టేవారు. సాల ఆకులతో విస్తళ్ళు కుట్టి, సబాయి గడ్డితో తాళ్ళు పేని సంతలో అమ్ముకునేవారు. చుట్టుపక్కల సంతాలులు, ముండాలు సేద్యంలోకి దిగినా లోధాలలో చాలామందికి సొంత భూమి దక్కలేదు. 2011 జనగణనలో పశ్చిమ బెంగాల్‌లో లోధా, ఖేడియా, ఖాడియా పేర్ల కింద కలిపి లెక్కించిన వారి సంఖ్య లక్షకు పైగా ఉంది. ఆ రాష్ట్రంలో అత్యంత వెనుకబడిన ఆదిమ తెగలుగా గుర్తించినవి మూడు: బిర్‌హోర్, టోటో, లోధా.

అడవి పోయింది, రైలు వచ్చింది

మేదినీపూర్‌కు పడమటనున్న అడవి సీమను ఈస్టిండియా కంపెనీ కాలంలో జంగల్ మహల్ అనేవారు. కంపెనీ శిస్తు పెంచి, స్థానిక కాపలా సైనికులైన పైకుల మాన్యాలను లాక్కోవడంతో 18వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇక్కడ తిరుగుబాట్లు చెలరేగాయి. కంపెనీ అధికారులు వాటికి ‘చువాడ్’ తిరుగుబాట్లని పేరు పెట్టారు. అడవి మనుషుల్ని ఈసడిస్తూ అనే మాట అది. మేదినీపూర్ దగ్గరి కర్ణగఢ్ రాణి శిరోమణి ఈ తిరుగుబాటుకు అండగా నిలిచి 1799లో బందీ అయింది. అడవి మనిషిని నేరస్తుడిగా చూసే అలవాటు 1871 నేరజాతుల చట్టం కన్నా చాలా ముందు నుంచే ఉందన్నమాట.

1865, 1878 అటవీ చట్టాలతో అడవిని ప్రభుత్వం తన గుప్పిట్లోకి తెచ్చుకుంది. జంగల్ మహల్‌లో మాత్రం చాలా అడవి జమీందార్ల చేతుల్లోనూ, బ్రిటిష్ వ్యాపార సంస్థ అయిన మిడ్నాపూర్ జమీందారీ కంపెనీ చేతుల్లోనూ ఉండిపోయింది. కలపకు గిరాకీ వచ్చినప్పుడు వాళ్ళు అడవిని అమ్ముకున్నారు. ఆ గిరాకీని తెచ్చింది రైలు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1898 నాటికి ఖరగ్‌పూర్ చేరింది. 1900లో కోలాఘాట్ వంతెన పూర్తయ్యి హౌరాతో కలిసింది. పట్టాల కింద పరిచే స్లీపర్లకు సాలవృక్షాలు గట్టి కలప. రైలు దారి పొడవునా సాల అడవుల కలప వ్యాపారం పెరిగింది. అడవి పలచబడింది. పలచబడిన అడవిలోకి వెళ్ళినా కంపెనీ మనుషులు కట్టెల మోపు లాక్కునేవారు. నిన్నటిదాకా జీవనాధారమైన పనే నేటికి దొంగతనమైపోయింది.

ఆ రైలుతోనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు వచ్చారు. కళాసీలుగా, గ్యాంగుమన్లుగా, ఫిట్టర్లుగా, పారిశుద్ధ్య పనివారుగా ఖరగ్‌పూర్ కట్టుకున్నారు. ఒకరికి అన్నం పెట్టిన రైల్వే మరొకరి అడవిని మింగింది. ఈ పట్టణ చరిత్రలో ఆ రెండో భాగం అంతగా వినిపించదు.

1871 చట్టం, 1916 ప్రకటన

నేరజాతుల చట్టాన్ని 1871లో తెచ్చారు. అప్పుడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంలో న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. వడ్రంగం, నేత కులవృత్తులైనట్టే నేరం కూడా కొన్ని కులాలకు వృత్తి అన్నది ఆ చట్టం వెనకున్న ఆలోచన. మొదట ఉత్తర భారతంలో అమలైన ఈ చట్టం 1876లో బెంగాల్‌కూ, 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించింది. 1924లో అన్నీ కలిపి ఒకే చట్టం చేశారు.

ఒక జాతిని నేరజాతిగా ప్రకటించాక దాన్ని కోర్టులో ప్రశ్నించే వీలు లేదు. ఆ జాతిలోని వారి పేర్లు రిజిస్టరులో ఎక్కేవి. వేలిముద్రలు తీసుకునేవారు. ఊరి పెద్దకో పోలీసుకో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే పాసు కావాలి. పాసు లేకుండా పొరుగూళ్ళో పట్టుబడితే అదే నేరం, దానికే శిక్ష. దొంగతనం చేయకపోయినా జైలుకు పోయే దారిని ఈ చట్టమే వేసింది. 1897 సవరణ పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారాన్ని కూడా ప్రభుత్వానికి ఇచ్చింది.

లోధాలను ఈ జాబితాలో చేర్చింది 1916లో. అప్పటికి రైలు వచ్చి 18 ఏళ్ళు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాల పాటు ఒక తరం హాజరు రిజిస్టర్ల మధ్య పుట్టి పెరిగింది.

ఇదే ఖరగ్‌పూర్‌లో 1930లో హిజ్లీ నిర్బంధ శిబిరం మొదలైంది. స్వాతంత్ర్యోద్యమ ఖైదీలను విచారణ లేకుండా ఇక్కడ ఉంచేవారు. 1931 సెప్టెంబరు 16న కాపలాదారులు జరిపిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. సుభాష్ చంద్ర బోస్ హిజ్లీకి వచ్చాడు, రవీంద్రనాథ్ టాగూర్ నిరసన ప్రకటించాడు. 1951లో మొదటి ఐఐటీని ప్రారంభించింది ఈ శిబిర భవనంలోనే. చదువుకున్నవారి నిర్బంధం జాతి జ్ఞాపకమైంది. అదే కాలంలో అదే చుట్టుపక్కల పల్లెల్లో గోడలు లేని జైల్లో ఉన్న లోధాలకు మాత్రం ఒక్క ఫలకమూ దక్కలేదు.

తెలుగు నేలపై అదే చట్టం

కోస్తా ఆంధ్రలోనూ రాయలసీమలోనూ ఎరుకలు, దొంగ దాసరులు, కొన్ని ప్రాంతాల్లో యానాదులు ఈ చట్టం కిందికి వచ్చారు. ఎరుకల కథ లోధాల కథకు దగ్గరగా ఉంటుంది. ఎరుకలు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి ఉప్పును లోనాడుకు చేరవేసి ధాన్యానికి మార్చుకునేవారు. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, 19వ శతాబ్దపు రెండో సగంలో వచ్చిన రైళ్ళు కలిసి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. పశువుల మేతకు అడవి కూడా మూతపడింది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల ఆధారంగా ఈ క్రమాన్ని వివరంగా రాశారు. తిరుగుతూ బతికిన వ్యాపారులు పని పోగొట్టుకుని తిరుగుబోతులుగా, ఆ తర్వాత దొంగలుగా రికార్డులకెక్కారు.

మద్రాసు ప్రభుత్వం వీరిని ‘సెటిల్‌మెంట్ల’లో ఉంచింది. వాటిలో పేరు పడింది బాపట్ల దగ్గరి స్టువర్టుపురం. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద 1913-14 ప్రాంతంలో ఏర్పడిన ఈ ఊరి నిర్వహణను సాల్వేషన్ ఆర్మీ చేపట్టింది. గుంటూరు జిల్లా సీతానగరంలోనూ, నెల్లూరు జిల్లా కావలిలోనూ, కర్నూలు వైపు సిద్ధాపురంలోనూ ఇలాంటివి ఉండేవి. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. సంస్కరణ పేరుతో నడిచిన ఈ ఊళ్ళలో జనం పొలాల్లోనూ, క్వారీల్లోనూ, పొగాకు కంపెనీలోనూ చవకగా దొరికే కూలీలయ్యారు. బయటికి వెళ్ళాలంటే ఇక్కడా పాసే.

యానాదులు, ఎరుకల మీద ఈ చట్టాన్ని ఎత్తివేయాలని పోరాడినవారిలో నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ముఖ్యుడు. మద్రాసు ప్రభుత్వం ఈ చట్టాన్ని 1947లోనే రద్దు చేసింది. దేశమంతటికీ రద్దు చేయాలా అని పరిశీలించడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ కమిటీ సిఫారసుతో 1952 ఆగస్టు 31న నేరజాతుల చట్టం దేశవ్యాప్తంగా పోయింది. అప్పటికి ఆ చట్టం కింద ఉన్నవి 127 జాతులు, 1.3 కోట్ల జనం అని అంచనా. నాటి నుంచి వీరిని విముక్త జాతులు అంటున్నారు. ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు.

పోయిన చట్టం, పోని రిజిస్టరు

నేరజాతుల చట్టం స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చాయి. మద్రాసు చట్టం 1948ది, ఆంధ్రప్రదేశ్ చట్టం 1962ది. జాతి స్థానంలో వ్యక్తి వచ్చాడు. కాగితం మీద ఇది పెద్ద మార్పు. స్టేషన్‌లో మాత్రం పాత రిజిస్టర్లోని వారి పిల్లలే కొత్త రిజిస్టర్లోకి ఎక్కారు. హిస్టరీ షీటు, సస్పెక్టు షీటు, రౌడీ షీటు అన్నవి పోలీసు స్టేషన్లో తెరిచే నిఘా పత్రాలు. వీటికి కోర్టు అనుమతి అక్కర్లేదు. తెలుగులో తిట్టుగా వాడే ‘కేడీ’ అన్న మాట కూడా పాత దొంగల జాబితాకు మద్రాసు పోలీసులు పెట్టుకున్న ఇంగ్లీషు పొడి అక్షరాల నుంచి వచ్చిందే.

ఊరిపేరు కూడా షీటుగా మారగలదు. స్టువర్టుపురం పేరుతో 1991లో ఒక చిత్రం, ఆ ఊరి దొంగ కథతో 2023లో మరో చిత్రం వచ్చాయి. అక్కడ సంస్కరణ పనిలో ఏళ్ళతరబడి గడిపిన లవణం, గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణంల గురించి ఆ చిత్రాలు చూసినవారిలో ఎందరికి తెలుసునన్నది అనుమానమే.

మేదినీపూర్ వైపు ఇలాంటి పని చేసినవారు మానవశాస్త్రవేత్త ప్రబోధ్ కుమార్ భౌమిక్. నారాయణగఢ్ దగ్గరి దహర్‌పూర్‌లో 1955లో ‘విదిశ’ అనే కేంద్రం పెట్టి లోధా పిల్లల చదువుకు, కుటుంబాల స్థిరనివాసానికి ప్రయత్నించారు. 1963లో వచ్చిన ఆయన గ్రంథం లోధాల మీద ఇప్పటికీ మూలాధారం. ఇన్ని జరిగినా 1970లు, 1980లలో దొంగలనే అనుమానంతో ఊరి గుంపులు లోధాలను కొట్టి చంపిన ఘటనలు జరిగాయి. రచయిత్రి మహాశ్వేతా దేవి వాటిని పత్రికల్లో రాసి బయటపెట్టారు. అనుమానం పెనుభూతం అన్న సామెత ఇక్కడ మాటవరసకు చెప్పేది కాదు.

చూనీ కోటాల్, బుధన్ శబర్

చూనీ కోటాల్ 1965లో మేదినీపూర్ జిల్లా గోహాల్‌డోహీలో పుట్టారు. లోధాలలో డిగ్రీ చదివిన తొలి మహిళ ఆమె. 1985లో మానవశాస్త్రంలో పట్టభద్రురాలై, 1987లో మేదినీపూర్‌లో రాణి శిరోమణి పేరిట ఉన్న బాలికల హాస్టలుకు సూపరింటెండెంటయ్యారు. ఎమ్మెస్సీలో చేరాక పుట్టిన జాతిని ఎత్తి చూపి అవమానిస్తున్నారని ఫిర్యాదు చేశారు. విచారణ కమిషన్ వేసినా పరిస్థితి మారలేదు. 1992 ఆగస్టు 16న ఖరగ్‌పూర్‌లో, రైల్వే వర్క్‌షాపు కార్మికుడైన తన భర్త నివాసంలో ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. బెంగాల్‌లో పెద్ద నిరసన రేగింది. మహాశ్వేతా దేవి 1994లో రాసిన ‘వ్యాధఖండ’ నవలకు ప్రేరణ ఈ ఘటనే. జైలు ముఖం చూడని, చదువుకున్న మనిషిని కూడా నేరజాతి ముద్ర వదలలేదు.

ఆరేళ్ళ తర్వాత పక్క జిల్లా పురూలియాలో ఖేడియా శబర్ యువకుడు బుధన్ శబర్‌ను 1998 ఫిబ్రవరి 10న పోలీసులు పట్టుకున్నారు. ఫిబ్రవరి 17న అతను జైల్లో చనిపోయాడు. ఉరేసుకున్నాడని అధికారులు చెప్పారు. ఖేడియా శబర్ల సంక్షేమ సమితి కలకత్తా హైకోర్టుకు వెళ్ళింది. అదే ఏడాది న్యాయమూర్తి రుమా పాల్ ఆ కథనాన్ని తోసిపుచ్చి, కుటుంబానికి పరిహారం, సీబీఐ దర్యాప్తు, బాధ్యులపై చర్యలు ఆదేశించారు. మహాశ్వేతా దేవి, గణేశ్ దేవి తదితరులు విముక్త జాతుల హక్కుల బృందాన్ని ఏర్పాటు చేశారు. అహ్మదాబాద్‌లోని ఛారానగర్ యువకులు నాటకం వేసి, తమ బృందానికి ‘బుధన్ థియేటర్’ అని పేరు పెట్టుకున్నారు.

లెక్కలు చెప్పేది

భారతదేశంలో జైళ్ళ వార్షిక గణాంకాలను జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రచురిస్తుంది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ తెగలు నూటికి 8.6. 2019 నాటి జైలు గణాంకాల్లో శిక్షపడిన ఖైదీల్లో వీరి వాటా 13.6 శాతం, విచారణ ఖైదీల్లో 10.5 శాతం. అంటే శిక్షపడినవారిలో జనాభా వాటాకు ఒకటిన్నర రెట్ల పైన, విచారణలో ఉన్నవారిలో ఒకటింబావుకు కాస్త తక్కువ. షెడ్యూల్డ్ కులాల పరిస్థితీ ఇలాగే ఉంది. అదే ఏడాది శిక్షపడిన ఖైదీల్లో వారు 21.7 శాతం. జనాభాలో వారి వాటా 16.6.

2022 చివర దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నలుగురిలో ముగ్గురికి ఇంకా నేరం రుజువు కాలేదన్నమాట. జైళ్ళ సామర్థ్యంతో పోలిస్తే నూటికి 131 మంది కిక్కిరిసి ఉన్నారు.

లక్ష జనాభాకు ఖైదీలెందరన్న కొలత ప్రకారం భారతదేశం తక్కువ దేశాల్లోకే వస్తుంది. ఇక్కడ లక్షకు సుమారు 40 మందే. అందువల్ల మొత్తం అంకెలు చూస్తే ఆదివాసుల ఖైదు పెద్ద సమస్యగా తోచదు. దీనికి ఒక కారణం జాతీయ పట్టికల కూర్పులోనే ఉంది. గోండులు, సంతాలులు, భిల్లులు వంటి లక్షల, కోట్ల జనాభా గల తెగలతో పాటు లోధాల వంటి చిన్న తెగలూ ‘షెడ్యూల్డ్ తెగలు’ అనే ఒకే గడిలో పడతాయి. విముక్త జాతులకు వేరే గడి లేదు. పైగా విముక్త జాతుల్లో కొన్ని షెడ్యూల్డ్ తెగలు, కొన్ని షెడ్యూల్డ్ కులాలు, కొన్ని వెనుకబడిన తరగతులు, కొన్ని ఏ జాబితాలోనూ లేనివి. అందుకని నేరజాతి ముద్ర వారసత్వం జైలు పట్టికల్లో చెల్లాచెదురై కనపడకుండా పోతుంది.

జైలు దాకా మెట్లు

ఆదివాసుల ఖైదు ఒక్క అరెస్టుతో తేలేది కాదు. వరసగా కొన్ని మెట్లు ఉంటాయి. ప్రతి మెట్టు దగ్గరా పేదవాడు వెనకబడతాడు.

మొదటి మెట్టు అనుమానం. ఊళ్ళో దొంగతనం జరిగితే పాత షీటు తెరిచి, అందులో పేరున్నవారి ఇంటికి వెళ్తారు. రెండోది చిన్న నేరాల చట్టాలు. అడవిలో కట్టె, తేనె, వేట, ఇంట్లో కాచుకున్న సారా, రైల్వే స్థలంలో ఏరిన ఇనుము వంటివి కేసులవుతాయి. మూడోది భాష. సొంత మాట తప్ప రాని మనిషి తన మీద పెట్టిన సెక్షనేమిటో కూడా తెలుసుకోకుండా వేలిముద్ర వేస్తాడు.

నాలుగోది, అన్నిటికన్నా ఎత్తైనది, బెయిలు. కోర్టు బెయిలిచ్చినా జామీనుదారులు కావాలి. ఇల్లో పొలమో ఉన్నవారే జామీను ఉండగలరు. పట్టా భూమి లేని పల్లెలో జామీనుదారు దొరకడు. బెయిలు ఉత్తర్వు చేతిలో ఉండి కూడా నెలల తరబడి జైల్లో ఉండేవారు దేశమంతటా ఉన్నారు. 2022 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవ సభలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము న్యాయమూర్తుల ముందు ఎత్తి చూపింది ఈ సంగతినే. ఆమె సంతాలీ. పుట్టింది లోధాలు కూడా నివసించే మయూర్‌భంజ్ జిల్లాలో.

ఐదో మెట్టు పాత శిక్ష. ఒకసారి జైలుకు వెళ్ళినవాడి పేరు రిజిస్టరులో మరింత బలంగా నిలుస్తుంది. మళ్ళీ మొదటి మెట్టు మొదలు.

సాయుధ పోరాటం నడిచే చోట దీనికి ఆరో మెట్టు తోడవుతుంది. జంగల్ మహల్‌లోని లాల్‌గఢ్ ప్రాంతం 2008 నుంచి 2011 దాకా మావోయిస్టులు, భద్రతా దళాల మధ్య నలిగింది. తెలంగాణ సరిహద్దున ఛత్తీస్‌గఢ్‌లో బుర్కాపాల్ కేసు ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2017 ఏప్రిల్‌లో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయిన దాడి కేసులో అరెస్టయిన ఆదివాసుల్లో 121 మందిని 2022 జులైలో దంతెవాడ కోర్టు నిర్దోషులని విడుదల చేసింది. అప్పటికి ఐదేళ్ళు గడిచాయి.

జైలు లోపల

పశ్చిమ బెంగాల్‌లో 1992 చట్టంతో జైళ్ళకు ‘సంస్కరణ గృహాలు’ అని పేరు మార్చారు. ఖరగ్‌పూర్‌కు దగ్గరలో ఉన్న పెద్ద జైలు మేదినీపూర్ కేంద్ర సంస్కరణ గృహం. పేరు మారినా లోపలి నిబంధనల్లో కొన్ని చాలాకాలం పాతవే. పశ్చిమ బెంగాల్ జైలు నియమావళిలో 2024 దాకా ఉన్న ఒక నిబంధన ప్రకారం రాత్రి కాపలాకు నియమించే ఖైదీ పారిపోయే సహజ గుణమున్న సంచార జాతివాడు కాకూడదు. 1871 నాటి ఆలోచన 21వ శతాబ్దంలోనూ నియమావళిలో అచ్చంగా కూర్చుని ఉండేది.

జైళ్ళలో కులాన్ని బట్టి పనులు, గదులు కేటాయించే పద్ధతి మీద పాత్రికేయురాలు సుకన్య శాంత సుప్రీంకోర్టులో వేసిన కేసులో 2024 అక్టోబరు 3న తీర్పు వచ్చింది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం ఇలాంటి నిబంధనలను రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఖైదీల రిజిస్టరులో కులం గడి తీసేయమంది. ‘అలవాటు నేరస్తుడు’ అన్న మాటను చట్టంలోని నిర్వచనం మేరకే వాడాలనీ, విముక్త జాతులవారిని ఇష్టానుసారం అరెస్టు చేయకూడదనీ స్పష్టం చేసింది. అదే ఏడాది మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో అదే న్యాయస్థానం, వెనుకబడిన వర్గాల అమాయకుల మీద హిస్టరీ షీట్లు యాంత్రికంగా తెరవకుండా చూడమని రాష్ట్రాలకు సూచించింది.

ఇతర దేశాల్లో

ఆస్ట్రేలియా జనాభాలో ఆదివాసులు, టారెస్ జలసంధి ద్వీపవాసులు కలిపి నూటికి నలుగురికి లోపే. ఖైదీల్లో వారు మూడో వంతు పైచిలుకు. లక్ష మంది ఆదివాసీ వయోజనులకు రెండు వేలకు పైగా జైల్లో ఉంటారు. కస్టడీలో 99 మంది ఆదివాసుల మరణాల మీద వేసిన రాయల్ కమిషన్ 1991లో 339 సిఫారసులిచ్చింది. కమిషన్ కనుగొన్న సంగతి చాలామంది ఊహించనిది. జైలు లోపల ఆదివాసులు ఇతరుల కన్నా ఎక్కువ రేటున చనిపోవడం లేదు, అసలు జైల్లోకే చాలా ఎక్కువ మంది వస్తున్నారు. ఆ నివేదిక నాటికి ఖైదీల్లో వారి వాటా సుమారు 14 శాతం. సిఫారసులు వచ్చాక అది రెట్టింపు దాటింది. 2031 నాటికి ఈ రేటును కనీసం 15 శాతం తగ్గించాలని 2020లో ప్రభుత్వాలు లక్ష్యం పెట్టుకున్నాయి.

కెనడా జనాభాలో మూలవాసులు దాదాపు 5 శాతం, ఫెడరల్ జైళ్ళలో మూడో వంతుకు దగ్గర. 1999లో గ్లాడ్యూ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, మూలవాసికి శిక్ష వేసేటప్పుడు వారి జాతి అనుభవించిన చరిత్రను పరిగణించాలని చెప్పింది. న్యూజిలాండ్‌లో మావోరీలు జనాభాలో ఆరో వంతు, ఖైదీల్లో సగానికి పైగా.

ఈ దేశాలకూ భారతదేశానికీ ఒక పోలిక ఉంది, ఒక తేడా ఉంది. భూమి పోవడం, కుటుంబాల నుంచి పిల్లల్ని విడదీయడం, ప్రత్యేక నిఘా అన్ని చోట్లా ఉన్నాయి. తేడా ఏమిటంటే, ఆ దేశాలు ఏటా తమ మూలవాసుల ఖైదు రేటును లెక్కకట్టి ప్రకటిస్తాయి. ప్రభుత్వాన్ని నిలదీయడానికి వారి చేతిలో అంకె ఉంటుంది.

సంస్కరణ ప్రయత్నాలు

జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో అలవాటు నేరస్తుల చట్టాలను రద్దు చేయాలని సూచించింది. జాతి వివక్ష నిర్మూలనపై ఐక్యరాజ్యసమితి కమిటీ 2007లో ఇదే కోరింది. విముక్త, సంచార జాతుల మీద బాలకృష్ణ రేణ్కే కమిషన్ 2008లో, ఆ తర్వాత భికూ ఇదాతే కమిషన్ నివేదికలిచ్చాయి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలు కాకపోతే, మొదటిసారి కేసులో చిక్కినవారిని గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం గడిచాక విడుదల చేయాలి. జామీను కట్టలేని పేద ఖైదీలకు సాయం చేయడానికి కేంద్రం 2023లో ఒక పథకం ప్రకటించింది.

ఈ ఏర్పాట్లు పైన చెప్పిన మెట్లలో నాలుగోదాన్ని, బెయిలును, కాస్త తగ్గిస్తాయి. మొదటి రెండు మెట్లు, అంటే పాత షీటు, అడవి కేసు, అలాగే ఉన్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా దొరికిన కుటుంబానికి అడవిలో అడుగు పెట్టడం నేరం కాకుండా పోతుంది. జామీను అడిగినప్పుడు చూపించుకోవడానికి ఒక కాగితమూ ఉంటుంది. లోధా పల్లెలో భూమి పట్టా జైలు సంస్కరణలో భాగమే.

ఇంత చరిత్ర తర్వాత కూడా లోధాలలో జైలుపాలవుతున్నది నూటికెందరో చెప్పే అధికారిక అంకె ఏదీ లేదు. 1916లో సర్కారు వారిని పేరుపేరునా రాసి వేలిముద్ర వేయించుకుంది. నేటి జైలు గణాంకాల పుస్తకంలో లోధా అన్న పేరుకు గడి లేదు.